నేను మేనేజర్‌ని కాదు మహాప్రభో

లేబర్ కోర్టుల్లో తరచుగా వినిపించే వాదన ఒకటుంది. బయటివాళ్ళకి కాస్త తమాషాగానే ఉంటుంది. ఉద్యోగం పోయిన మనిషి సాక్ష్యం చెబుతూ "నాకు ఎవరి మీదా పెత్తనం లేదండీ. ఎవర్నీ ఉద్యోగంలోకి తీసుకోలేదు, ఎవర్నీ తీసెయ్యలేదు. సెలవు చీటీ మీద సంతకం పెట్టే అధికారం కూడా లేదు. చెప్పిన పని చేశానంతే" అంటాడు. ఎదుటి పక్షాన కంపెనీ "అదేం మాట, ఆయన మా దగ్గర పెద్ద అధికారి, ఒక విభాగాన్నే నడిపించాడు" అంటుంది. నిన్నమొన్నటిదాకా రెజ్యూమెలో 'ఎనిమిదిమందిని లీడ్ చేశాను' అని రాసుకున్నది ఈయనే. అప్రైజల్లో 'నాయకత్వ లక్షణాలు ఇంకా పెంచుకోవాలి' అని రాసింది ఆ కంపెనీయే. కోర్టు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ మాట మార్చేస్తారు.

కారణం ఒక చిన్న మాట. ప్రైవేటు కంపెనీ అన్యాయంగా ఉద్యోగం తీసేస్తే ఆ ఉద్యోగాన్ని తిరిగి ఇప్పించగల అధికారం మన దేశంలో లేబర్ కోర్టుకి ఉంది. ఆ కోర్టు తలుపు మాత్రం 'వర్క్‌మన్' అనే పేరున్నవాళ్ళకే తెరుచుకుంటుంది. మేనేజర్లు, ఎగ్జిక్యూటివ్‌లు, రకరకాల ప్రొఫెషనల్స్ ఆ పేరుకి బయట ఉండిపోయారు. ఎలా ఉండిపోయారన్నది ఒక చరిత్ర. అందులో ముఖ్యమైన సంవత్సరం 1958.

అస్సాంలో దిమాకుచి అని ఒక టీ తోట. అక్కడ ఒక డాక్టరు అసిస్టెంట్ మెడికల్ ఆఫీసర్‌గా చేరాడు. కొన్ని నెలలకే, 1951 ఏప్రిల్‌లో, ఆయన పనికిరాడని చెప్పి నోటీసుకి బదులుగా ఒక నెల జీతం చేతిలో పెట్టి పంపించేశారు. ఆయన ఒంటరివాడు. కానీ యూనియన్ ఆయన తరఫున నిలబడింది.  ప్రభుత్వం ఆ తగాదాని ట్రిబ్యునల్‌కి పంపింది. అక్కణ్ణుంచి అది మెట్లెక్కుతూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 'వివాదం' అంటే ఏమిటో చెప్పే నిర్వచనం ఉంది. యజమానులకీ కార్మికులకీ మధ్య, 'ఏ వ్యక్తి' ఉద్యోగానికి సంబంధించిన తగాదా అయినా పారిశ్రామిక వివాదమే అని దాని సారం. ఏ వ్యక్తి అంటే ఎవరైనా కదా అని యూనియన్ అడిగింది. కోర్టులో మెజారిటీ న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. 'ఏ వ్యక్తి' అన్నారు గానీ లోకంలో ఉన్న ప్రతి వ్యక్తీ అని దాని అర్థం కాదు, ఆ వ్యక్తి ఉద్యోగంలో కార్మికులకి కూడా చెప్పుకోదగ్గ ప్రయోజనం ఉండాలి అన్నారు. డాక్టరు వర్క్‌మన్ కాదు, ఆయన ఉద్యోగం ఉన్నా పోయినా కూలీలకి నేరుగా వచ్చేదీ పోయేదీ లేదు అని తేల్చారు. జస్టిస్ సర్కార్ ఒక్కరే విభేదించారు. జబ్బు చేస్తే చూసే డాక్టరు ఎవరైతే తమకేంటని ఆ యూనియన్ అనుకోలేదు. అనుకుని ఉంటే కేసే లేదు. 1958 ఫిబ్రవరిలో తీర్పు వచ్చేనాటికి ఆయన తోట వదిలి ఏడేళ్ళు కావస్తోంది.

అదే ఏడాది ఇంకో తీర్పు. ఢిల్లీ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్‌ని తొలగించారు. వ్యవహారం మధ్యవర్తుల దగ్గరికి వెళ్ళింది. ఆ తొలగింపు చెల్లదు, ఆ వ్యక్తి ఇంకా ప్రొఫెసరే అని మధ్యవర్తులు తీర్పిచ్చారు. ఆ తీర్పు నిలవదని సుప్రీంకోర్టు తేల్చింది. వ్యక్తిగత సేవ మీద ఆధారపడిన ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించకూడదన్నది స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని నియమం, ఈ ప్రొఫెసర్‌ని మళ్ళీ ఉద్యోగంలో కూర్చోబెట్టడం అంటే ఆ పని చేసినట్టే అంది. నష్టపోతే డబ్బు అడుక్కోవచ్చు. కుర్చీ అడక్కూడదు.

ఒకే ఏడాది, ఒక డాక్టరు, ఒక ప్రొఫెసరు. ఒకరికి లేబర్ కోర్టు తలుపు మూసుకుంది, ఇంకొకరికి మామూలు చట్టం తలుపు మూసుకుంది. నెల జీతం మీద బతికే చదువుకున్న మనిషికి ఆ రెండు తలుపుల మధ్య మిగిలిన వసారా ఎంతో, ఈ రోజుకీ దాదాపు అంతే.

ప్రొఫెసర్ కేసులో వాడిన నియమానికి ఒక వింత పుట్టుక ఉంది. మనిషి చేత బలవంతంగా సేవ చేయిస్తే అది బానిసత్వం అవుతుందనే భయం నుంచి ఇంగ్లండులో పుట్టిన ఆలోచన అది. ఆ భయం మన దేశంలో ఉత్తుత్తిది కాదు. 1859లో బ్రిటిష్ ప్రభుత్వం కార్మికుల ఒప్పంద ఉల్లంఘన చట్టం అని ఒకటి చేసింది. అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని మేజిస్ట్రేటు ముందుకి ఈడ్చుకొచ్చి, పని చెయ్యమని ఆజ్ఞాపించి, చెయ్యకపోతే మూడు నెలల వరకు జైల్లో పెట్టొచ్చు. 1925లో గానీ దాన్ని రద్దు చెయ్యలేదు. అంటే సేవని బలవంతంగా చేయించకూడదన్న నియమం నౌకరుని యజమాని నుంచి కాపాడాల్సినది. అది తిరిగి తిరిగి, యజమాని తీసేసిన నౌకరుని కోర్టు వెనక్కి పంపకుండా ఆపేదిగా తయారయింది. గొడుగు అదే, పట్టుకున్న చెయ్యి మారింది.

పైగా అది రెండు వైపులా ఒకేలా పనిచెయ్యదు. సెంచురీ స్పిన్నింగ్ కంపెనీలో ఐదేళ్ళ ఒప్పందం మీద చేరిన ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్ టైరు దారం తయారీలో శిక్షణ తీసుకుని, గడువు తీరకుండానే మానేసి, పోటీ కంపెనీలో చేరాడు. 1967లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఒప్పంద కాలం ముగిసేదాకా అతను అలాంటి పని వేరేచోట చెయ్యకూడదు అంది. నిన్ను ఉంచుకొమ్మని కంపెనీని బలవంతపెట్టలేం, కానీ నువ్వు పక్క కంపెనీకి పోకుండా మాత్రం ఆపగలం, అన్నమాట. ఉద్యోగం మానేశాక కూడా వెంటాడే షరతులు మాత్రం 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లవు. ఆఫర్ లెటర్ చివరి పేజీల్లో అవి ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు వర్క్‌మన్ అనే మాట దగ్గరికి వద్దాం. 1947లో ఆ నిర్వచనం చాలా చిన్నది. నైపుణ్యం ఉన్నా లేకపోయినా శరీరశ్రమ చేసేవాళ్ళు, గుమాస్తా పని చేసేవాళ్ళు, అంతే. 1956లో దానికి 'టెక్నికల్', 'సూపర్‌వైజరీ' అనే మాటలు చేర్చారు. ఆ చేత్తోనే మేనేజర్ హోదాలో ఉన్నవాళ్ళని బయట పెట్టారు. సూపర్‌వైజర్ అయితే జీతం నెలకి 500 రూపాయలు దాటకూడదన్నారు. 1982 సవరణలో అది 1,600 అయింది, 2010లో 10,000 అయింది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 18,000 అయింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ జీతం గీత సూపర్‌వైజరీ పని చేసేవాళ్ళకి మాత్రమే. టెక్నికల్ పని చేసేవాళ్ళకి అలాంటి గీత లేదు. నెలకి రెండు లక్షలు వచ్చినా, చేసే పని ప్రధానంగా టెక్నికల్ అయితే చట్టం దృష్టిలో ఆ మనిషి వర్క్‌మన్ కావడానికి అడ్డు లేదు. 'నా జీతానికి లేబర్ కోర్టు వర్తించదులే' అని మన ఆఫీసుల్లో అందరూ నమ్మే మాటకి ఆధారం పుకారే.

ఇక లాయర్ల సంగతి. 1947 చట్టంలో 36వ సెక్షన్ విచిత్రమైనది. రాజీ చర్చల్లో లాయర్లు అసలు కనిపించకూడదు. లేబర్ కోర్టులో కనిపించాలంటే ఎదుటి పక్షం ఒప్పుకోవాలి, కోర్టు అనుమతించాలి. లాయర్లు వస్తే వాయిదాలొస్తాయి, డబ్బున్న పక్షం గెలుస్తుంది, కాబట్టి ఇక్కడ యూనియన్ నాయకుడూ యజమాని మనిషీ ఎదురెదురుగా మాట్లాడుకోవాలి అని దాని వెనకున్న ఆలోచన. ఇంకా ముందుకెళ్ళి అసలు కోర్టే వద్దన్నవాడు మన వి.వి. గిరి. ఐర్లండులో లా చదివి, రైల్వే కార్మికుల నాయకుడై, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. వివాదాల్ని బలవంతంగా తీర్పులకి పంపితే యూనియన్లు బలహీనపడతాయని, కూర్చుని బేరమాడుకోవడమే మంచిదని ఆయన వాదన. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పుని ప్రభుత్వం మార్చేసినందుకు రాజీనామా కూడా చేశాడు. కోర్టుల మీద నమ్మకం లేని మనిషే, వచ్చిన తీర్పుని గౌరవించాలని పదవి వదులుకున్నాడు.

ఆ ఆలోచనలో న్యాయం ఉంది. కానీ అది యూనియన్ ఉన్నవాడిని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఇల్లు. 1965లో 2-ఎ సెక్షన్ వచ్చేదాకా ఒక్క మనిషి ఉద్యోగం పోతే అది పారిశ్రామిక వివాదమే కాదు, యూనియన్ భుజాన వేసుకుంటే తప్ప. ఆ తర్వాత కూడా ప్రభుత్వం రిఫర్ చేస్తేనే కోర్టు చూసేది. తీసేసిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకి వెళ్ళే దారిని కేంద్రం 2010లో తెరిచింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 1987లోనే రాష్ట్ర సవరణతో తెరిచేసింది. మనవాళ్ళు ముందున్న సందర్భాల్లో ఇదొకటి, ఎవరూ చెప్పుకోరు.

36వ సెక్షన్ని కంపెనీలు ఎలా దాటాయో కూడా చూడాలి. 1976 నాటి పారాదీప్ పోర్ట్ ట్రస్ట్ తీర్పులో సుప్రీంకోర్టు, యజమానుల సంఘంలోనో యూనియన్‌లోనో నిజంగా పదవిలో ఉన్న మనిషి లాయర్ కూడా అయితే ఆ పదవి హోదాలో రావచ్చు, దానికి ఎదుటివాడి అనుమతి అక్కర్లేదు అంది. పెద్ద కంపెనీకి ఇది ఇబ్బంది కాదు. లా డిగ్రీ ఉన్నవాళ్ళు ఆఫీసులోనే ఉంటారు.

ఆఫీసు లోపల జరిగే డొమెస్టిక్ ఎంక్వైరీలో కూడా ఇదే తగువు. ఉద్యోగి తరఫున లాయర్‌ని పెట్టుకునే హక్కు లేదని 1960ల నుంచీ కోర్టులు చెబుతూ వచ్చాయి. తర్వాత బొంబాయి పోర్ట్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు కొంచెం మెత్తబడింది. యజమాని తరఫున న్యాయ సలహాదారుల్ని కూర్చోబెట్టి ఉద్యోగిని మాత్రం ఒంటరిగా నిలబెడితే అది న్యాయమైన విచారణ కాదంది. 1990ల మొదట్లో హర్యానా సీడ్స్ కార్పొరేషన్ కేసులో అదే సూత్రాన్ని ఒక కంపెనీ సెక్రటరీకి వర్తింపజేసింది. ఆయన పెద్ద ఉద్యోగే, కాగితాలు చదవగలవాడే. అయినా ఎదుట కూర్చున్నవాడు చట్టం తెలిసినవాడు అయినప్పుడు ఈయనకి లాయర్‌ని నిరాకరించడం అన్యాయం అన్నారు. చదువు ఉన్నంత మాత్రాన మనిషి తన కేసు తాను వాదించుకోలేడని కోర్టు గుర్తించిన అరుదైన సందర్భం ఇది. కాకపోతే అసలు ఎంక్వైరీ అంటూ జరిగితేనే కదా ఈ సూత్రం. ప్రైవేటు మేనేజర్‌కి ఎంక్వైరీ ఎక్కడ, నోటీస్ పీరియడ్ జీతమూ ఒక ఈమెయిలూ చాలు.

పేరు కావాలని అడిగి తెచ్చుకున్న ప్రొఫెషనల్స్ కూడా ఉన్నారు. పత్రికల్లో పనిచేసేవాళ్ళు మేధావులు, వాళ్ళు కార్మికులేంటి అని యజమానులు అనే రోజుల్లో, 1950లో వర్కింగ్ జర్నలిస్టుల ఫెడరేషన్ పుట్టింది. దానికి మొదటి అధ్యక్షుడు నేషనల్ హెరాల్డ్ ఎడిటర్ ఎం. చలపతిరావు, మన తెలుగువాడు. తర్వాత మొదటి ప్రెస్ కమిషన్‌లో సభ్యుడు కూడా. 1955లో వచ్చిన చట్టం జర్నలిస్టులకి పారిశ్రామిక వివాదాల చట్టాన్ని వర్తింపజేసింది. రిట్రెంచ్ చెయ్యాలంటే ఎడిటర్‌కి ఆరు నెలలు, మిగతావాళ్ళకి మూడు నెలలు నోటీసివ్వాలంది. సంపాదకీయాలు రాసే మనిషి 'మేం పనివాళ్ళమే' అని అడగడానికి సిగ్గుపడలేదు. అడిగారు కాబట్టి వచ్చింది.

అడగనివాళ్ళకి, అడిగినా చట్టం చేయించుకోలేనివాళ్ళకి కోర్టు కొలతలే గతి. ఆ కొలతల్లో ఒక మంచి, ఒక చెడు. మంచి ఏంటంటే కోర్టు హోదా పేరు చూడదు, ప్రధానంగా చేసిన పని చూస్తుంది. ఆనంద్ బజార్ పత్రికలో ప్రావిడెంట్ ఫండ్ విభాగం చూసే ఉద్యోగి కింద ఒకరిద్దరు గుమాస్తాలు ఉన్నారు. అయినా అతను చేసేది ప్రధానంగా గుమాస్తా పనే అన్నారు. 1985లో సిబా గైగీ కేసులో ప్రమోషన్ ఇచ్చి పేరు మార్చినంత మాత్రాన మనిషి వర్క్‌మన్ కాకుండా పోడన్నారు. చెడు ఏంటంటే చట్టం చెప్పిన ఆ నాలుగైదు రకాల పనుల్లో ఏదో ఒకదాంట్లో ఇమడాలి. 1988లో టీచర్లు ఇమడలేదు, చదువు చెప్పడం ఆ రకాల్లో ఏదీ కాదట. 1994లో శాండోజ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మెడికల్ రిప్రజెంటేటివ్‌లు కూడా ఇమడరంది. సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులకి 1976లోనే ప్రత్యేక చట్టం రావడం వల్ల కొంత రక్షణ మిగిలింది.

ఇమిడాడా లేదా అని తేలడానికి పట్టే కాలమే అసలు శిక్ష. తోష్నీవాల్ బ్రదర్స్ అనే కంపెనీ 1969లో ఒక అకౌంట్స్ ఉద్యోగిని తీసేసింది. ఆయన వర్క్‌మనా, ఆఫీసరా అనే ఒక్క ప్రశ్న మీద కేసు లేబర్ కోర్టు, హైకోర్టు సింగిల్ జడ్జి, డివిజన్ బెంచి, సుప్రీంకోర్టు తిరిగింది. 1983 వచ్చింది. తీసెయ్యడం సబబా కాదా అనే అసలు ప్రశ్న దగ్గరికి పద్నాలుగేళ్ళయినా ఎవరూ రాలేదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకి వెళ్ళిన జస్టిస్ చిన్నప్పరెడ్డి ఆ తీర్పు రాశారు. ఇలాంటి ప్రాథమిక అభ్యంతరాలు లేవదీసి అసలు విషయాన్ని ఏళ్ళ తరబడి నానబెట్టే ఎత్తుల మీద ఆయన కోపం దాచుకోలేదు. ఇకమీదట అన్ని ప్రశ్నల్నీ ఒకేసారి తేల్చాలి, ముక్కలు చేసి పైకోర్టులకి తిప్పకూడదు అన్నారు.

ఈ చరిత్ర అంతా చదువుతున్నప్పుడు నాకు మా పరిశ్రమే గుర్తొస్తూ ఉంది. సాఫ్ట్‌వేర్‌లో మాకు డెసిగ్నేషన్లు ధారాళంగా ఇస్తారు. నా హోదాలోనూ 'లీడ్' అనే మాట ఉంది. నా కింద ఎవరూ లేరు, నేను రోజంతా చేసేది కోడ్ రాయడం, పక్కవాళ్ళ కోడ్ చదవడం. జీతం పెంచలేని ఏడాది పేరు పెంచుతారని మాలో జోకు. ఆ పేరు ఉచితంగా వచ్చింది అనుకుంటాం. దాని ఖరీదు ఉద్యోగం పోయిన రోజున గానీ తెలీదు. 2015లో చెన్నైలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ తీసేసిన ఉద్యోగి విషయంలో కంపెనీ వాదన ఇదే, ఆయన మేనేజర్ స్థాయి మనిషి అని. ఆయన పట్టు వదల్లేదు. ఆయన చేసింది టెక్నికల్ పనే అని లేబర్ కోర్టు ఒప్పుకుని తిరిగి తీసుకోమని చెప్పేసరికి 2022 వచ్చింది. ఏడేళ్ళు. దిమాకుచి డాక్టరుకి పట్టినంత. తేడా ఏంటంటే ఈయన గెలిచాడు.

మరి నిజంగానే మేనేజర్ అయినవాడి మాటేంటి? మనుషుల్ని తీసుకునే, తీసేసే అధికారం ఉన్న డైరెక్టరో వైస్ ప్రెసిడెంటో అయితే? ఆయనకి సివిల్ కోర్టే దిక్కు. అక్కడ లాయర్ లేకుండా అడుగు పడదు. గెలిచినా ఎక్కువ సందర్భాల్లో దక్కేది ఒప్పందంలో రాసిన నోటీసు కాలం జీతమూ, బకాయిలూ. అందుకే ఇలాంటివాళ్ళ తరఫున లాయర్లు చేసే పనిలో సింహభాగం కోర్టు బయటే జరుగుతుంది. సంతకం పెట్టేముందు కాగితం చదవడం, రాజీనామా అని రాయించుకుంటున్నారా తొలగింపు అని రాస్తున్నారా చూడడం, బోనస్సూ షేర్లూ గ్రాట్యుటీ లెక్క తేల్చడం, రిలీవింగ్ లెటర్‌లో ఏముండాలో బేరమాడడం. గిరి కోరుకున్న బేరసారాలే ఇవి. కాకపోతే వెనకాల యూనియన్ లేని బేరం. ఒక గదిలో ఒక మనిషి, ఎదురుగా కంపెనీ.

మనలో చాలామందికి ఆ గదిలోకి లాయర్‌ని వెంటబెట్టుకెళ్ళడమంటే గొడవకి దిగడమనిపిస్తుంది. మర్యాదగా రాజీనామా ఇచ్చేస్తే మంచి మాటలతో పంపిస్తారు, పరిశ్రమ చిన్నది, పేరు పోతుంది అనుకుంటాం. ఆ భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను. కానీ మర్యాద అని మనం అనుకునేదాన్లో కొంత భాగం హోదా మీద మోజు. కార్మికుడు అనే మాట మనకి తగదనుకున్నాం. టీ తోట యూనియన్‌వాళ్ళు డాక్టర్ని తమవాడనుకున్నారు, చలపతిరావు తనని తాను పనివాడిననుకున్నాడు. మన ఇంజినీర్లం మాత్రం అటువైపు చూడ్డానికి ఇంకా మొహమాటపడుతున్నాం.

కొత్త కోడ్‌లో కూడా 'టెక్నికల్' అనే మాట అలాగే ఉంది. మేనేజర్ మినహాయింపూ ఉంది. రేపు తగాదా వస్తే కోర్టు అడిగే ప్రశ్న మారదు: నువ్వు రోజూ ఏం పని చేశావు? దానికి జవాబు మన డెసిగ్నేషన్‌లో దొరకదు. మనం పంపిన ఈమెయిళ్ళలో, ఎవరి అనుమతి కోసం ఎదురుచూశామన్నదాంట్లో, ఏది మన అంతట మనం నిర్ణయించలేకపోయామన్నదాంట్లో దొరుకుతుంది. ఈసారి ప్రమోషన్ లెటర్ వచ్చినప్పుడు స్వీట్లు పంచండి, తప్పులేదు. ఆ కాగితంతో మీ పని మారిందో, పేరే మారిందో మాత్రం ఒకసారి చదివి చూసుకోండి.